గానుగ కాడ స్టార్ వార్స్

కశింకోటలో సినిమా చూసినవాళ్ళకంటే విన్నవాళ్ళే ఎక్కువ. టిక్కెట్టు కొనుక్కుని చూసొచ్చేది నలుగురైతే, ఆ నలుగురి నోట కథ వినేది వీధి వీధంతా. వినడానికి రచ్చబండ ఉంది, మంగలి కొట్టుంది, టీ బడ్డీ ఉంది. వాటన్నిటికన్నా ఘనమైన చోటు మాత్రం చలికాలపు చెరకు గానుగే.

ఇప్పటివాళ్ళకి గానుగంటే నూనె సీసా మీద బొమ్మ. మా శారదా నది పక్క ఊళ్ళలో గానుగంటే బెల్లం. సంక్రాంతికి కాస్త ముందు మొదలైతే ఎండలు ముదిరేదాకా రాత్రీ పగలూ పొయ్యి ఆరేది కాదు. రసం పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పి పొయ్యిలోకి ఎగదోస్తూ, పైకి తేలిన మడ్డి తీసి పారేస్తూ కూర్చోవాలి. పాకం దగ్గరపడడానికి రెండు మూడు గంటలు పట్టేది. చన్నీళ్ళలో ఒక చుక్క వేసి, వేళ్ళతో నలిపి చూసి, ముదిరిందనుకుంటే పెనం దించేవారు. ఒక పెనం దిగితే ఇంకో పెనం. చేతులకి పని, చెవులకి ఖాళీ. సినిమా ఆ ఖాళీలోకి వచ్చేది.

చెప్పేవాడికి ఒక వరస ఉండేది. పేర్లు పడ్డ దగ్గర్నుంచి మొదలెట్టాలి. పాటొస్తే పాడాలి, ఫైటింగొస్తే లేచి చెయ్యాలి. పాకం చూడ్డానికి పెనం దగ్గరవాడు 'ఉండండర్రా' అని లేస్తే అదే ఇంటర్వెల్. ఎక్కడైనా రెండు సీన్లు ఎగరగొట్టాడో, ముందే చూసొచ్చిన ఇంకొకడు అందుకునేవాడు. ఇద్దరికీ అక్కడ గొడవ. ఆ గొడవతోటే తెల్లారేది.

బెల్లం దిమ్మలు బండికెత్తి అనకాపల్లి మార్కెట్టుకి తోలేవారు. దేశంలో పేరుమోసిన పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. తోలినవాళ్ళు దిమ్మలు దించేసి, చీటీ రాయించుకుని, ఎద్దుల్ని ఎవరికో అప్పజెప్పి మ్యాట్నీకి దూరేవారు. కొత్త సినిమా కబురు మా ఊరికి ముందు తెచ్చేది రిక్షాకి అటూ ఇటూ కట్టిన పోస్టరూ, మైకూ, దాని వెనకాల రంగు కాయితాల కోసం పరిగెత్తే గుంటలూ. ఆ తరవాత తెచ్చేది ఈ బండివాళ్ళు. తెలుగు సినిమా అలా అనకాపల్లి దాకా వెళ్తే దొరికేది. ఇంగ్లీషు సినిమా కావాలంటే మాత్రం రైలెక్కాలి.

వాల్తేరు పాసింజరు కశింకోటలో ఆగేది. అప్పట్లో విశాఖపట్నం స్టేషన్ని అందరూ వాల్తేరనే అనేవారు. అనకాపల్లి, తాడి, దువ్వాడ మీదుగా పోయే ఆ బండిలో షిప్‌యార్డు వాళ్ళు, పోర్టు వాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు ఉండేవారు. సినిమాకోసమే పట్నం పోయామంటే ఇంట్లో తంతారు గనక, వెళ్ళడానికి ముందు ఇంకేదో పనుండాలి. జగదాంబ సెంటరంటే మాకు సినిమాల ఊరు. ఆ కూడలికి ఆ పేరొచ్చిందే సినిమా హాలు వల్ల. ఆ చుట్టుపక్కల హాళ్ళలో పొద్దుటి ఆటకి ఇంగ్లీషు బొమ్మ వేసేవారు.

అలా ఒకనాటి పొద్దుటి ఆటకి నలుగురం వెళ్ళి చూసిన బొమ్మ స్టార్ వార్స్. మా పెదనాన్న కళ్ళు చూపించుకునే పనిమీద వచ్చాడు. మా మావయ్య షిప్‌యార్డులో వెల్డరు, ఆ రోజు సెలవు పెట్టాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు రైల్లో కలిశారు. నాలుగోవాణ్ణి నేను, మాస్టారి క్లాసులోనే చదువుతున్నాను. జార్జి లూకాస్ తీసిన ఆ సినిమా అమెరికాలో విడుదలైంది 1977 మే 25న. మా దాకా వచ్చేసరికి ప్రింటు మీద వాన కురుస్తోంది, అంటే గీతలు. అప్పటికి ఇంగ్లీషు సినిమాకి తెలుగు మాటలు అతికించే అలవాటు బలపడలేదు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోనే చూడాలి. మా నలుగురిలో ఆ మాటలు కాస్తో కూస్తో తెలిసింది మాస్టారికి ఒక్కరికే.

ఆకాశం గురించి ఊళ్ళో అప్పుడు బాగా చర్చ నడుస్తూ ఉండేది. 1979 జూలైలో స్కైలాబ్ కూలుతుందని ఆంధ్రదేశమంతా వణికింది. ఎవరి నెత్తిన పడుతుందో తెలీదని కోళ్ళూ మేకలూ కోసుకు తినేసినవాళ్ళున్నారు. అప్పు తీర్చడం వాయిదా వేసినవాళ్ళూ ఉన్నారు. తీరా జూలై 11న అది హిందూ మహాసముద్రంలో కొంత, ఆస్ట్రేలియా పడమటి దిక్కున కొంత రాలిపోయింది. మరుసటేడు, 1980 జూలై 18న, మన శ్రీహరికోట నుంచి ఎస్సెల్వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్ళింది. ఒక ఏడు పైనుంచి కిందికి, ఒక ఏడు కిందనుంచి పైకి. ఆ వేడి ఇంకా చల్లారకముందే ఈ సినిమా.

మొదట్లోనే గానుగ సంప్రదాయానికి పెద్ద చిక్కొచ్చి పడింది. ఈ సినిమాకి పేర్లు పడవు. పసుపుపచ్చ అక్షరాలు కిందనుంచి పైకి, దూరంగా, ఆకాశంలోకి వెళ్ళిపోతూ ఉంటాయి. అవే పేర్లనుకుని హాల్లో అందరూ సీటు సర్దుకుంటూ మాట్లాడుకుంటూ ఉన్నారు. నిజానికి అందులో సగం కథ ఉంది. అది పోయాక ఒక చిన్న ఓడ తెరమీద పైనుంచి దూసుకుపోతుంది. దాని వెనక ఇంకో ఓడ ముక్కు కనిపిస్తుంది. ముక్కు తరవాత పొట్ట. పొట్ట వస్తూనే ఉంటుంది, వస్తూనే ఉంటుంది, అయిపోదు. హాల్లో మాటలు ఆగిపోయాయి. పక్కన మా మావయ్య కుర్చీలో వెనక్కి వాలి, తల పైకెత్తి, తెరని చూస్తున్నట్టు కాకుండా కప్పుని చూస్తున్నట్టు చూస్తున్నాడు.

ఆయన తీర్పు అక్కడే అయిపోయింది. "డ్రై డాకులో ఓడ కింద నిలబడి సూస్తే అలగే ఉంటదిరా. ఎంతసేపటికీ అయిపోదు. ఈ తీసినోడెవడో ఓడ కిందకెళ్ళినోడే." ఇదీ తిరుగు బండిలో ఆయన మాట. విశాఖ షిప్‌యార్డులో తయారైన మొదటి ఓడ జల ఉష, 1948లో నెహ్రూ వచ్చి నీళ్ళలోకి వదిలారు. ఆ యార్డులో పనంటే మా వైపు గొప్ప. అందులో రోజూ ఓడ పొట్టకి అతుకులేసే మనిషికి ఆ సినిమాలో నచ్చింది ఓడలు మాసిపోయి ఉండడం. గీతలు పడ్డాయి, మసి పట్టింది, హీరో స్నేహితుడి ఓడని చూడగానే హీరోయే తుక్కంటాడు. "అంతకుముందు సూసిన ఆకాశం సినిమాల్లో ఓడలన్నీ పెళ్ళికొడుకుల్లా ఉండీవి. ఇది పనిసేసిన ఓడ. అంచేత ఇది నిజం" అన్నాడు. లూకాస్ కూడా సరిగ్గా అదే కోరుకున్నాడట, అంతా వాడి పడేసినట్టుండాలని, ఏదీ కొత్తగా మెరవకూడదని.

అది నిజం ఓడ కాదు, బొమ్మ అని మాస్టారంటే మావయ్య ఒప్పుకోలేదు. బొమ్మే. ఆ మొదటి సీనులో అంత పొడుగున కనిపించిన ఓడ నమూనా మూడడుగులు. జాన్ డైక్‌స్ట్రా బృందం కంప్యూటరు చెప్పినట్టు కదిలే కెమెరా ఒకటి తయారుచేసి, బొమ్మని కదలనివ్వకుండా దాని పొట్ట కిందనుంచి కెమెరాని నడిపారు. ఈ సంగతి నేను చాలా ఏళ్ళ తరవాత చదివాను. మావయ్యకి చెప్తే ఆయన తొణకలేదు. "మాయాబజార్‌లో ద్వారక బొమ్మే గదా. అయితే ఏటి, ద్వారక కాదా?" అన్నాడు. 1957 నాటి ఆ ద్వారకని గోఖలే, కళాధర్ బుల్లి ఇళ్ళతో కట్టి, ఇంటింటా దీపం పెడితే, మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాన్ని పట్నం చేసింది. ఆ లెక్కన మావయ్య మాటకి ఎదురు చెప్పడం కష్టం.

అసలు పేచీ వచ్చింది ముసలాయన చావు దగ్గర.

చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. గెడ్డం ముసలాయన, నల్ల ముసుగువాడు వెలుగు కత్తులతో తలపడతారు. ముసలాయన కుర్రాడివైపు ఒకసారి చూసి, చిన్నగా నవ్వి, కత్తి నిటారుగా పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. నల్లవాడు అడ్డంగా కొడతాడు. మనిషి ఉండడు. అంగీ మాత్రం కుప్పలా కింద పడుతుంది. నల్లవాడు దాన్ని కాలితో కదిపి చూస్తాడు.

హాల్లో ఒక్కసారిగా ఈలలు, కుర్చీల చప్పుళ్ళు. "ఒరే ఆపరేటరూ, రీలు కోసీసావురా!" అని నేల క్లాసులోంచి కేక. అందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో తెగిన రీలు అతికించేటప్పుడు నాలుగడుగులు పోవడం మామూలు. ఆట త్వరగా ముగించాలని రీలుకి రీలే ఎగరగొట్టే హాళ్ళూ ఉండేవి. మనిషి నరికినట్టు కనబడి శవం కనబడలేదంటే, మధ్యలో ముక్క పోయిందనే ఎవరైనా అనుకుంటారు. మా బండిలో పక్క పెట్టెనుంచి వచ్చి కూర్చున్న ఒకాయన కూడా అదే ఖాయం చేశాడు. తనకి తెలిసినాయన మద్రాసులో చూశాడని, అక్కడ శవం కనబడిందని కూడా చెప్పేశాడు.

పెదనాన్న ఆ మాట కొట్టిపారేశాడు. ఆయనకి సినిమా అంటే విఠలాచార్య. కాంతారావు కత్తి తిప్పితే ఈయన చెయ్యి తిరిగేది. స్టార్ వార్స్ వచ్చిన మరుసటేడు, 1978లో, విఠలాచార్య 'జగన్మోహిని' మా వైపు హాళ్ళని దద్దరిల్లించింది. ఆ కళ్ళతో చూసిన పెదనాన్నకి ఈ సినిమాలో అర్థంకానిది ఏమీ లేదు. రాజకుమారి ఉంది, చెరలో ఉంది. మాంత్రికుడున్నాడు. అడవిలో, అంటే ఇసకలో, ముని ఉన్నాడు. కుర్రాడికి తండ్రి కత్తి ఇచ్చాడు. "ఇది మన ఇఠలాచార్య సినిమారా, వేషాలు మార్చీసారంతే. ఆ నల్లోడు ముసలాయన దగ్గర విద్య నేర్చినోడే. కత్తి పట్టే తీరు ఒకటే కదా, సూళ్ళేదా? గురువును మించిన శిష్యుడు! శిష్యుడి సేతిలో సావడం ఇష్టంనేక ముసలాయన యోగంలో దేహం ఇడిసీసాడు. శవం ఎక్కడనుండొస్తాది?" ఆయన చెప్పిన 'గురువును మించిన శిష్యుడు' 1963లో విఠలాచార్య తీసిన సినిమా పేరు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా ఆ నల్లవాడు ముసలాయన శిష్యుడని ఆయన కత్తి పట్టు చూసి చెప్పాడు. సినిమాలో మాటలు విన్న మాస్టారు తలూపారు, అది నిజమేనని.

మావయ్యది మూడో మాట. ముసలాయన చావలేదు, కింద కన్నం ఉంది, అందులోంచి దిగిపోయాడు, తరవాత వస్తాడు. ఓడలో కన్నాలు ఎక్కడెక్కడుంటాయో తనకి తెలుసన్నాడు. ఆ ముసలాయన వేషం వేసిన ఎలెక్ గిన్నిస్‌కి కూడా ఈ చావు సంగతి ముందు తెలీదట. మొదటి రాతలో ఆ పాత్ర బతికే ఉంది. సినిమా తీస్తుండగా లూకాస్ మనసు మార్చుకుని చంపేశాడు. గిన్నిస్ అప్పుడు బాగా నొచ్చుకున్నాడట.

మాస్టారి అభ్యంతరాలు వేరు. అంతరిక్షంలో గాలి లేదు, గాలి లేనిచోట శబ్దం పోదు, ఓడలు పేలితే అంత మోతేమిటి? తర్వాత, ఆ ఓడ నడిపేవాడు తన బండి జోరు చెప్పుకుంటూ పార్‌సెక్కుల్లో చెప్పాడు. పార్‌సెక్కంటే దూరం, దాదాపు మూడుంపావు కాంతి సంవత్సరాలు. అది కాలం కాదు. "అనకాపల్లికి ఎంతసేపట్లో పోతావురా అంటే ఐదు మైళ్ళలో పోతానన్నట్టుంది" అని ఆయన చికాకు పడ్డారు. ఆయనకి నచ్చిన ఆకాశం సినిమా వేరే ఉంది. 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. సింహళంలో కాపురమున్న ఆర్థర్ క్లార్క్ దానికి కుబ్రిక్‌తో కలిసి కథ రాశాడు. అందులో మొదటి ఇరవై అయిదు నిమిషాల దాకా ఎవరూ నోరు విప్పరు. అంతరిక్షంలో మనిషి ఊపిరి తప్ప ఏమీ వినబడదు. అది చూస్తూ హాల్లో సగం మంది నిద్రపోయారని మాస్టారే చెప్పారు. "నిద్రపోయారు, నిజమే. శబ్దం లేదుగా మరి" అని తన మాటకి తనే నవ్వారు.

స్టార్ వార్స్ మోతల సంగతి తెలిశాక నాకు మాస్టారు గుర్తొచ్చారు. బెన్ బర్ట్ అనే ఆయన ఆ శబ్దాలన్నీ ఏరుకొచ్చాడు. శత్రువుల చిన్న ఓడ అరుపు ఏనుగు ఘీంకారం, తడి రోడ్డు మీద కారు పోయే చప్పుడు కలిపింది. వెలుగు కత్తుల గుయ్యిమనే నాదం ఒక పాత సినిమా ప్రొజెక్టరు మోటారు మోత, దానికి టీవీ గొట్టం రొద కలిపింది. అంటే ఆ రోజు ఆపరేటరుని తిట్టిన కత్తి పోట్లాటలో వినబడిందీ ఒక ఆపరేటరు గదిలోని చప్పుడే.

ఇక గానుగ. ఆ ఏడు మా కళ్ళంలో కథ చెప్పడానికి ఇద్దరు కూర్చున్నారు, మావయ్య, పెదనాన్న. ఇద్దరూ ఒకే హాల్లో పక్కపక్కన కూర్చుని చూసొచ్చినవాళ్ళు. చెప్పింది రెండు సినిమాలు. మావయ్య కథలో హీరో ఓడ. అది ఎక్కడ చెడింది, ఎవరు బాగుచేశారు, ఎలా తప్పించుకుంది. పెదనాన్న కథలో హీరో ముసలాయన. ఆయన పోయాక కూడా కుర్రాడి చెవిలో మాట్లాడతాడు గనక, పోయినట్టు కాదు. వినేవాళ్ళకి ఇద్దరి కథలోనూ బాగా నచ్చినవి రెండు డబ్బాలు, అంటే మరమనుషులు. ఒకటి పొడుగ్గా బక్కగా, పొద్దస్తమానం భయపడుతూ ఉంటుంది. ఇంకోటి పొట్టిగా బొద్దుగా, మాట వినదు. "రమణారెడ్డి, రేలంగి" అని ఎవరో అనగానే ఇంక వాటికి అవే పేర్లు ఖాయమయ్యాయి. రమణారెడ్డి ఇలా అన్నాడు, రేలంగి అలా వెళ్ళాడు అని కథ నడిచింది. ఆ జంట పుట్టుక కూడా సినిమాలోంచే. జపానులో అకిరా కురొసావా 1958లో తీసిన ఒక సినిమాలో ఇద్దరు పల్లెటూరి బైతులు తిట్టుకుంటూ తిరుగుతారు. లూకాస్ వాళ్ళని చూసి ఈ రెండిటినీ అల్లుకున్నాడు.

కథ చివరికొచ్చింది. శత్రువుల కోట పేలిపోయింది. పెద్ద సభ. రాజకుమారి మెట్లమీద నిలబడి కుర్రాడికి, ఓడ నడిపినవాడికి మెళ్ళో పతకాలు వేసింది. అందరూ చప్పట్లు. పెదనాన్న శుభం కార్డు వేసేశాడు.

పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్న మా పాలేరు అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. సినిమా ఆయన చూడలేదు, చూసే వీలూ లేదు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"మరి ఆ ఎలుగుబంటికి దండ ఎయ్యనేదేటి?"

ఓడలో రెండో డ్రైవరు ఒకడున్నాడు, ఒళ్ళంతా జుట్టుతో, గుర్రుమనడం తప్ప మాటల్లేవు. చెప్పేటప్పుడు మావాళ్ళు వాణ్ణి ఎలుగుబంటి అన్నారు. సభలో వాడు కూడా నిలబడే ఉంటాడు. పతకం మాత్రం ఉండదు.

"అది జంతువురా" అన్నాడు పెదనాన్న.

"జంతువైతే ఓడెలాగ తోలింది? తుపాకీ ఎలాగ పట్టింది? పని కాడ మడిసి, దండ కాడ జంతువా?"

ఎవరూ మాట్లాడలేదు. మావయ్య కాసేపు ఆలోచించి, "అవును, ఎయ్యాల్సింది" అన్నాడు. పెదనాన్న మాత్రం ఒప్పుకోలేదు. రాజసభ మర్యాదలు వేరన్నాడు, హనుమంతుడికి కూడా పట్టాభిషేకంలో కిందనే చోటన్నాడు. హనుమంతుడికి సీతమ్మ ముత్యాల హారమిచ్చిందిగా అని పాలేరు. అక్కణ్ణుంచి వాదం రామాయణంలోకి పోయి, పెనం దించేదాకా సాగింది.

ఆ సినిమా గురించి తరవాత ఎన్నో చోట్ల ఎందరో రాసింది చదివాను. చాలా దేశాల్లో చాలామందిని తొలిచిన ప్రశ్న ఇదేనని తెలిసింది. చివరికి 2019లో, ఆ వరస సినిమాల్లో తొమ్మిదోదాంట్లో, ఆ ఎలుగుబంటి చేతిలో, అసలు పేరు చ్యూబాకా, ఒక పతకం పెట్టారు. మొదటి సినిమా వచ్చిన 42 ఏళ్ళకి. వాడి గొంతు నిజం ఎలుగుబంటి అరుపుతో చేసిందేనని కూడా చదివాను. వినికిడి కథ మీదనే ఆ సినిమాలోని లోటు పట్టుకున్న మనిషి మా గానుగలో పిప్పి ఎగదోసేవాడు.

ఆడవాళ్ళ తీర్పు కొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. పొద్దుటి ఆటకి పట్నం తీసుకెళ్ళి ఇంగ్లీషు సినిమా చూపించే మగాళ్ళెవరూ మా ఇళ్ళలో లేరు. ఎనభైల్లో వీసీఆర్ అద్దెకొచ్చాక, ఇంట్లో శుభకార్యం రాత్రి టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు తెచ్చేవారు. రెండు భక్తివి, ఒకటి ఎన్టీ రామారావుది, ఒకటి పిల్లల గోల పడలేక తెచ్చింది. అలా మా చిన్నత్త స్టార్ వార్స్ చూసింది. అందరూ నిద్రపోయాక కూడా కూర్చుని పూర్తిగా చూసింది.

పొద్దున్న కాఫీలు కలుపుతూ చెప్పిన ఆమె మాట మా మగాళ్ళెవరి కథలోనూ లేదు. రాజకుమారిని విడిపించడానికి ముగ్గురు వెళ్తారు, బయటికి దారి మాత్రం చూసుకోరు. ఆమె ఒకడి చేతిలో తుపాకీ లాక్కుని, గోడకి కన్నం పెట్టి, అందులోకి దూకండంటుంది. "ఎవుల్ని ఎవులు కాపాడేరు?" అంది అత్త. మేం విఠలాచార్య కళ్ళతో చూసి రాజకుమారి చెరలో ఉందనుకున్నాం, ఆ తరవాత ఆమె చేసింది మాకెవరికీ ఆనలేదు. అత్తకే ఇంకో ఫిర్యాదుంది. ఆ పిల్ల కళ్ళ ముందే ఆమె లోకం మొత్తం పేల్చేస్తారు. తల్లీ తండ్రీ ఊరూ అన్నీ పోతాయి. ఆ తరవాత సినిమా అయిపోయేదాకా ఆమె కంట నీటిచుక్క లేదు. పైగా ముసలాయన పోయాడని ఏడుస్తున్న కుర్రాడికి ఆమే దుప్పటి కప్పి ఓదారుస్తుంది. "ఏడవడానికి కూడా ఖాళీ ఇయ్యనేదు ఆ పిల్లకి" అంది. చూసినవాళ్ళందరిలోనూ ఆ సినిమాని నిండుగా చూసింది మా చిన్నత్తేనని నా నమ్మకం.

ఇన్ని రకాలుగా చూడడం ఎలా కుదిరింది? మాటలు అర్థంకాకపోవడం ఒక కారణం. అర్థంకాని చోటల్లా ఎవడికి తెలిసిన బతుకు వాడు తెచ్చి నింపుకున్నాడు. వెల్డరు ఓడని తెచ్చాడు, జానపదాల మనిషి మునిని తెచ్చాడు, మాస్టారు గాలీ శబ్దం తెచ్చారు, పాలేరు కూలి లెక్క తెచ్చాడు. మా వాదన సినిమా బాగుందా లేదా అని ఎప్పుడూ నడవలేదు. అసలు ఏం జరిగింది అని నడిచింది. ముసలాయన చచ్చాడా లేదా? పతకం వెయ్యాలా వద్దా? బాగుంది, బాగులేదు అనేస్తే మాట అక్కడితో అయిపోతుంది. ఏం జరిగింది అంటే ఒక రాత్రి చాలదు.

మన తెలుగులోనే అలాంటి సినిమా వచ్చేసరికి ఈ తేడా తెలిసింది. 1991 జూలైలో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' వచ్చింది. ఇది ఆకాశంలోకి పోదు, కాలంలోకి పోతుంది. వెనక్కి 1526కి, కృష్ణదేవరాయల కొలువుకి. ముందుకి 2504కి, అణుధూళికి భయపడి జనం భూమి కింద బతికే లోకానికి. బాలకృష్ణ రెండు వేషాలు, ఇళయరాజా పాటలు, జంధ్యాల మాటలు. మాటలన్నీ మనవే గనక ఏం జరిగిందో ఎవరికీ అనుమానం లేదు. పెదనాన్నకి రాయల కొలువు నచ్చింది, అక్కడే ఆపేస్తే పోయేదన్నాడు. కుర్రాళ్ళు ముందుకాలం ముక్క ఇంకొంచెం ఉంటే బాగుండేదన్నారు. మావయ్య ఆ గుండ్రటి యంత్రానికి అతుకులెక్కడని వెతికాడు. వాదం అక్కడితో సరి. మంచి సినిమా, అందరికీ నచ్చింది, గానుగ దగ్గర ఒక్క పెనానికే కథ అయిపోయింది. అప్పటికే వినేవాళ్ళూ పల్చబడ్డారు.

పల్చబడడానికి ఒకటే కారణం కాదు. ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ వచ్చేది. 1987లో రామాయణం మొదలైంది. ఆకాశంలో బాణాలు గుద్దుకోవడం ఇంట్లో కూర్చుని చూడొచ్చు. చూసొచ్చి చెప్పేవాడి అవసరం తీరిపోయింది. చెరకు పండించడం గిట్టుబాటు కాక చాలామంది వేరే పైర్లకి మళ్ళారు. మిగిలిన గానుగలకి కూలోళ్ళు దొరకడం కష్టమైంది, మా కుర్రాళ్ళు విశాఖ స్టీలుప్లాంటు పనులకీ, ఫార్మా కంపెనీలకీ పోయారు. మద్రాసు రోడ్డు నాలుగు వరసలయ్యాక కశింకోట నుంచి విశాఖకి పోవడం పెద్ద పని కాదు. పాసింజరు బండిలో తిరుగు ప్రయాణం అంత సాగదు గనక, సినిమా మీద మాట ఇల్లు చేరేలోపే తెగిపోతోంది. ఇప్పుడు హాల్లోంచి బయటికొచ్చినవాణ్ణి ఎలా ఉందంటే ఐదుకి మూడు అంటాడు. మూడెందుకు, మిగతా రెండూ ఎక్కడ పోయాయి అని అడిగేవాడు లేడు.

ఆ రోజులే గొప్పవని నేననను. గానుగ దగ్గర పొగకి కళ్ళు మండేవి, పాలేరు కూలి తక్కువ, చిన్నత్తకి హాలు గడప తెలీదు. అవి పోవడం మంచిదే. పోకుండా ఉండాల్సింది ఒక్కటుంది. ఒక సినిమాని ఒకరు ఒకలా చూశారని ఇంకొకరు రాత్రంతా కూర్చుని వినడం, విని కాదనడం, కాదన్నవాడికే మళ్ళీ పిప్పి అందించడం.

మా మనవలు ఆ సినిమాని ఫోన్లో తెలుగు మాటలతో చూస్తున్నారు. ముసలాయన ఏమయ్యాడో వాళ్ళకి ముందే తెలుసు, నల్లవాడు ఎవరి తండ్రో కూడా తెలుసు. వాళ్ళని నేను అడిగేది ఒక్కటే, ఎలుగుబంటి సంగతేమిటని. పెద్దవాడు 2019లో ఇచ్చేశారుగా తాతా అంటాడు. చిన్నది ఒప్పుకోదు. అందరి ముందూ ఇవ్వాల్సింది, అందరూ పోయాక చేతిలో పెడితే లెక్కలోకి రాదంటుంది. నాది చిన్నదాని పక్షం. పెద్దవాడు ఇంకా వాదిస్తున్నాడు.